2తో గుణిస్తే పెద్దది కావాలి కదా నాన్నా? సమాన భిన్నాల దగ్గర ఇరుక్కుపోయాను

హన్మకొండ నాన్న | ఆదివారం రాత్రి 9:52

మా పాప ఐదో తరగతి. హోంవర్క్‌లో సమాన భిన్నాలు వచ్చాయి. 1/2కు నాలుగు సమాన భిన్నాలు రాయమన్నారు. 2/4, 3/6, 4/8, 5/10 అని చకచకా రాసేసింది. నేను సంతోషపడి పేజీ తిప్పబోతుంటే ఆపింది.

"నాన్నా, 1/2ను 2తో గుణించినం కదా. 2తో గుణిస్తే పెద్దది కావాలె. మళ్ల సమానం ఎట్లయితది?"

పైనా కిందా రెండూ గుణించాం కాబట్టి అన్నాను. "రెండూ గుణిస్తే ఇంకా పెద్దది కావాలె" అంది. నేను బీకాం చదివినోణ్ణి, రోజూ లెక్కల మధ్యే ఉంటాను. కానీ నోట మాట రాలేదు. "సారు చెప్పినట్టు రాయి బిడ్డా" అని తప్పించుకున్నాను. అప్పటి నుంచి అదే గుచ్చుతోంది.

ఇంకో చిక్కు. వర్క్‌షీటులో 3/4 = □/6 అని ఉంది. పాప డబ్బాలో 5 రాసింది. ఎట్లా అంటే, కింద 4కు 2 కలిపితే 6 అయింది కాబట్టి పైన 3కు 2 కలిపితే 5 అట. తప్పని తెలుసు, సరైనదేంటో నాకూ తేలలేదు. ఎవరైనా చిన్నపిల్లకు అర్థమయ్యేట్టు చెప్తారా?

కాజీపేట పోరడు | రాత్రి 10:05

అన్నా, దీనికి ఎందుకు టెన్షన్. లవాన్నీ (పై అంకె) హారాన్నీ (కింది అంకె) ఒకే సంఖ్యతో గుణించాలి, లేదంటే భాగించాలి. సమానమో కాదో చూడాలంటే అడ్డ గుణకారం. 1/2, 2/4 తీసుకో. 1×4 ఎంత, 4. 2×2 ఎంత, 4. రెండూ ఒకటే, కథ కంచికి.

రెండోది: 3×6 = 18, దాన్ని 4తో భాగిస్తే 4.5. పూర్ణసంఖ్య రాలేదంటే లెక్క ప్రింటింగులోనే తప్పు పడి ఉంటుంది. కింద 8 ఉండాల్సింది. నేను గ్రూప్స్‌కు ప్రిపేర్ అవుతున్నా. ఇప్పటిదాకా ఏ పేపర్‌లోనూ 'ఎందుకు' అని అడగలేదు.

జమ్మికుంట అక్క | రాత్రి 10:31

తమ్ముడూ, పదేళ్ల పిల్ల గ్రూప్స్ రాయడం లేదు కదా. దానికి 'ఎందుకు' అనేదే కావాలి.

నేను ప్రైమరీ టీచర్ని. ప్రతి ఏడూ క్లాసులో కనీసం ఒకరు ఇదే ప్రశ్న అడుగుతారు. అడగనోళ్లకు అర్థమైందని నేను అనుకోను. రూల్ చెప్పగానే రాసేస్తారు, అంతే.

నాన్నగారూ, రేపు సర్వపిండి చేయించండి. గుండ్రంగా గిన్నె నిండా ఒకటి. దాన్ని నడిమికి కోసి ఒక సగం పాప ముందు పెట్టండి. ఇది 1/2. ఇప్పుడు ఆ సగాన్ని కదపకుండా, అడ్డంగా ఇంకో గాటు పెట్టండి. అవతలి సగానికీ పెట్టండి. మొత్తం ముక్కలు 4, పాప ముందున్నవి 2. ఇది 2/4. ఇప్పుడు అడగండి: "నీ వాటా పెరిగిందా?" అని. ముక్కల లెక్క రెండింతలయింది, ఒక్కో ముక్క సగమయింది. తినేది మాత్రం అంతే.

పిల్లలకు 1/2లో రెండు అంకెలు కనిపిస్తాయి కానీ ఒక సంఖ్య కనిపించదు. పైది ఎన్ని ముక్కలో చెప్తుంది, కిందది ముక్క ఎంతదో చెప్తుంది. కింద అంకె పెరిగితే ముక్క చిన్నదవుతుందని ముందు గట్టిగా పట్టుకోవాలి. లేకపోతే 1/8 కంటే 1/4 చిన్నదని రాస్తారు, 8 కంటే 4 చిన్నది కదా అంటారు.

పాత లెక్కల సారు | రాత్రి 11:10

నిద్ర పట్టక చూస్తున్నా. ముందుగా, ఆ పాపకు పదికి పది మార్కులు. ఆమె అన్నదాంట్లో తప్పు లేదు.

1/2ను 2తో గుణిస్తే నిజంగానే పెద్దదవుతుంది. 2/2 అవుతుంది, అంటే 1. పాప ఊహించింది ఇదే. ఇక్కడ గుణించింది లవాన్ని మాత్రమే. ఇప్పుడు లవాన్ని వదిలేసి హారాన్ని మాత్రమే 2తో గుణించండి. 1/4 వచ్చింది, సగానికి సగం పడిపోయింది. ఒకటి రెండింతలు చేస్తుంది, ఇంకోటి సగం చేస్తుంది. రెండూ ఒకేసారి చేస్తే ఎక్కడ బయలుదేరామో అక్కడికే వస్తాం. పాపతో ఈ మూడూ వేరువేరుగా రాయించండి, వరసగా, ఒకదాని కింద ఒకటి:

1/2 → 2/2
1/2 → 1/4
1/2 → 2/4

పైనా కిందా 2తో గుణించడమంటే 2/2తో గుణించడం, అంటే 1తో గుణించడం అని పెద్ద క్లాసులో చెప్తాం. అది నిజమే. కానీ భిన్నాన్ని భిన్నంతో గుణించడం రాని పిల్లకు అది మంత్రం లాగే ఉంటుంది. జమ్మికుంట మేడం గారి గాటు పద్ధతే ముందు.

ఇక 5/6 సంగతి. రెండింటినీ పన్నెండో వంతుల్లోకి మార్చి చూడండి. 3/4 అంటే 9/12. 5/6 అంటే 10/12. ఒక పన్నెండో వంతు ఎక్కువైంది. పైనా కిందా ఒకే అంకె కలుపుకుంటూ పోతే ఏమవుతుందో కూడా సరదాగా చేయించండి: 1/2, 2/3, 3/4, 4/5, 5/6... ప్రతిసారీ పెరుగుతూ 1 దగ్గరికి జరుగుతుంది. సమానంగా ఉండదు.

కాజీపేట తమ్ముడు 4.5 అన్నది విలువ ప్రకారం సరైనదే. ప్రింటు తప్పో కాదో మనకెందుకు, ఆ నాలుగున్నర ఎక్కడ ఉందో పాపకు చూపించే దారి ఉంది. పొద్దున చెప్తా.

టేకు చెక్క | సోమవారం ఉదయం 6:20

మాది కొత్తవాడ సైడ్ వడ్రంగి పని. చదువు ఏడోదాకానే, కానీ ఈ ముచ్చట మాకు రోజూ ఉండేదే కాబట్టి రాస్తున్నా.

టేపు తీసి ఒక ఇంచు చూడండి. సున్నాకూ ఒకటికీ నడుమ అన్నిటికంటే పొడుగు గీత అర ఇంచు. దానికంటే పొట్టివి పావు, ముప్పావు. ఇంకా పొట్టివి ఎనిమిదో వంతులు, వాటినే మేం సూతులంటాం. ఇంచుకు ఎనిమిది సూతులు. అన్నిటికంటే పొట్టివి పదహారో వంతులు.

ఇప్పుడు ఆ అర ఇంచు గీత మీద గోరు పెట్టి లెక్కపెట్టండి. పావులు లెక్కపెడితే రెండోది, 2/4. సూతులు లెక్కపెడితే నాలుగోది, 4/8. పదహార్లు లెక్కపెడితే ఎనిమిదోది, 8/16. గోరు మాత్రం కదల్లేదు. మా మేస్త్రి నాకు టేపు నేర్పినప్పుడు చెప్పింది ఇంతే. "పేరు ఏదైనా పెట్టు, రంపం పడేది ఒక్క చోటనే" అన్నాడు. ఆయనకు సమాన భిన్నం అన్న మాట కూడా తెలియదు.

ఒకటి జాగ్రత్త. షాపులో ముప్పావు ఇంచు ప్లై అడిగితే 18 ఎంఎం ఇస్తారు. ముప్పావు ఇంచు అంటే 19.05 ఎంఎం. అది సమానం కాదు, దగ్గరదగ్గర. గాడి కొట్టేటప్పుడు ఆ మిల్లీమీటరు తేడా మన ప్రాణం తీస్తది.

జమ్మికుంట అక్క | ఉదయం 7:02

అన్నా, మీ గోరు సంగతి నేను ఈరోజే క్లాసులో చెప్తాను.

పాత లెక్కల సారు | ఉదయం 7:45

టేకు చెక్క గారు నా పని సగం చేసేశారు. నేను చెప్పబోయింది కూడా గీత మీదిదే.

నాన్నగారూ, 24 సెంటీమీటర్ల పొడవు పేపరు పట్టీలు రెండు కత్తిరించండి. 24 ఎందుకంటే 4తోనూ, 6తోనూ శేషం లేకుండా పోతుంది. ఒక పట్టీని నాలుగు సమాన మడతలు వేయండి, ఒక్కోటి 6 సెం.మీ. రెండోదాన్ని ఆరు మడతలు, ఒక్కోటి 4 సెం.మీ. రెంటినీ ఒకదాని కింద ఒకటి పెట్టి, మొదటి దాంట్లో మూడు గళ్లకు రంగు వేయించండి. అంచు 18 దగ్గర ఆగుతుంది. కింద పట్టీలో 16 దగ్గర నాలుగో మడత, 20 దగ్గర ఐదో మడత ఉంటాయి. 18 సరిగ్గా రెండింటి నడుమ పడుతుంది. నాలుగున్నర కంటికి కనిపిస్తుంది.

ఇలా రెండింటికీ సరిపోయే హారం వెతకడమే తర్వాత క.సా.గు. (కనిష్ఠ సామాన్య గుణిజం) అవుతుంది. 4కూ 6కూ క.సా.గు. 12. ఇది కొత్త తెలివేం కాదు. తొమ్మిదో శతాబ్దంలో మహావీరాచార్యుడు భిన్నాల హారాల క.సా.గు.కు 'నిరుద్ధం' అని పేరు పెట్టి వాడాడు. ఆయన గణితాన్నే పదకొండో శతాబ్దంలో పావులూరి మల్లన తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. వెయ్యేళ్ల కిందటే తెలుగులో లెక్కలు పద్యాల్లో చదివారు, మనం వాట్సాప్‌లో చదువుతున్నాం.

హన్మకొండ నాన్న | సోమవారం రాత్రి 9:15

అందరికీ దండాలు. రిపోర్టు ఇస్తున్నా.

సర్వపిండి ప్రయోగం బెడిసికొట్టింది. మా ఇంటావిడ ముందే చెప్పింది, "తినే దాంతో లెక్కలేంది" అని. నడిమికి కోసే వరకూ బాగానే ఉంది. రెండో గాటు కాస్త పక్కకు పోయింది. పాప రెండు ముక్కలూ పక్కపక్కన పెట్టి చూసి, "ఇవి సమానం లేవు, ఇది నాలుగో వంతు కాదు" అంది. పైగా నడుమ వేలితో చిల్లులు పెడతాం కదా, ఆ చిల్లులున్న ముక్క కరకరలాడుతుంది కాబట్టి దాని విలువ ఎక్కువట. తమ్ముడు చిల్లుల ముక్క ఎత్తుకుపోయాడు. క్లాసు రద్దు.

తర్వాత పేపరు పట్టీ తీశాను. సగం మడిచి రంగు వేయించా. విప్పి, మళ్లీ మడిచి ఇంకో మడత, ఇంకో మడత. 1/2, 2/4, 4/8. పాప కాసేపు ఆ పట్టీ అట్లనే చూసి, "రంగు కదల్లేదు నాన్నా, గీతలే పెరిగినయ్" అంది.

ఇంత సింపులుగా నాకు చెప్పడం రాలేదు.

3/4 కోసం నాలుగు మడతల పట్టీ, ఆరు మడతల పట్టీ కూడా పెట్టాం. అంచు రెండు మడతల నడుమ పడింది. "నాలుగున్నర ఎట్ల రాస్తరు, పైన అరలు రాయొచ్చా?" అని అడిగింది. రాయకూడదని ఎవరూ చెప్పలేదు కానీ బడిలో మాత్రం ఒప్పుకోరు అన్నా. కరెక్టేనా సారూ?

పాత లెక్కల సారు | రాత్రి 9:40

కరెక్టే. విలువకు అడ్డేం లేదు. కానీ మనం భిన్నమని రాసేటప్పుడు పైనా కిందా పూర్ణసంఖ్యలే ఉంచుతాం. అందుకే ఆ నాలుగున్నరను పోగొట్టడానికి పైనా కిందా 2తో గుణిస్తాం. 9/12. చూశారా, మళ్లీ పాప ప్రశ్న దగ్గరికే వచ్చాం.

పరకాల రైతుబిడ్డ | రాత్రి 10:02

పిల్లల లెక్క అని వదిలేయకండి అన్నలారా. దీని వల్ల నిరుడు మా ఇంట్లో 9 లక్షలు గోవిందా అయ్యేది.

మా బాపు పేరు మీద 1 ఎకరం 25 గుంటలు. కాగితాల మీద 1.25 అని చుక్క పెట్టి ఉంటుంది. అమ్మకానికి బేరం ఎకరం 24 లక్షలకు కుదిరింది. నడుమ ఉన్నాయన ఫోన్ తీసి 1.25 ఇంటూ 24 కొట్టి, 30 లక్షలు అన్నాడు. అందరం తలలూపాం. నేను కూడా, డిగ్రీ చదివి.

మా నానమ్మ అరుగు మీద కూర్చుని ఉంది. "ఇరవై గుంటలంటే అర ఎకరం గదరా. గదే పన్నెండు లచ్చలు. ఇంకో అయిదు గుంటలు యాడవోయినయ్?" అంది.

ఎకరానికి 40 గుంటలు. 25 గుంటలు అంటే 25/40, కొట్టేస్తే 5/8. 24 లక్షల్లో ఎనిమిదో వంతు 3 లక్షలు, అయిదు వంతులు 15 లక్షలు. మొత్తం 39 లక్షలు. ఆయన 25/40ని 25/100 అనుకున్నాడు. కావాలని చేశాడో తెలియక చేశాడో ఇప్పటికీ మా ఇంట్లో పంచాయితీ నడుస్తనే ఉంది.

భీమారం కోడలు | రాత్రి 10:20

అయ్యో, ఇది మా ఇంట్లో రోజూ ఉండే గొడవే! మా పుట్టిల్లు గుంటూరు దగ్గర. అక్కడ ఎకరానికి 100 సెంట్లు. మాకు 1.25 అంటే ఎకరం పాతిక సెంట్లు, అంటే ఎకరంపావు. పెళ్లయిన కొత్తలో మా మామయ్యగారు "ఎకరం ఇరవై" అంటే నేను ఎకరం ఇరవై సెంట్లు అనుకున్నాను. ఆయన లెక్కలో అది ఎకరంన్నర. 20/40 అన్నా 50/100 అన్నా నేల ఒక్కటే, పేర్లే వేరు.

నాకు చిన్న అనుమానం. ఎకరం 25 గుంటలకు సెంట్లు ఎన్ని? 62న్నర వస్తోంది. కరెక్టేనా?

పరకాల రైతుబిడ్డ | రాత్రి 10:26

కరెక్టు వదినా. 25/40 అంటే 5/8, అంటే 62.5/100. ఎకరం అరవై రెండున్నర సెంట్లు. ఈ లెక్క మీరు నిరుడు మా అరుగు మీద ఉండి చెప్తే బాగుండు.

కూడికలో కూడా ఇదే బొక్క. 25 గుంటలు, ఇంకో 25 గుంటలు కలిపితే కాగితం మీద 0.50 కాదు, 1.10. 40 దాటగానే ఎకరం అయిపోతది.

నైట్ డ్యూటీ | రాత్రి 1:15

షిఫ్టులో ఉన్నా, థ్రెడ్ మొత్తం చదివా. నేల గురించి చెప్పారు, మరి పైసల సంగతేంటి. చారాన కోడికి బారాన మసాల అంటాం కదా. రూపాయికి 16 అణాలు. చారాన అంటే 4/16, అంటే 1/4. బారాన 12/16, అంటే 3/4. మసాలా కోడికి మూడింతలు! సామెతలోనే సమాన భిన్నం ఉంది.

1957 ఏప్రిల్ 1 నుంచి రూపాయికి 100 నయాపైసలు అయ్యాయి. పేరు మారినా పావలా పావలాగానే ఉండిపోయింది. 4/16 పోయి 25/100 వచ్చింది, రెండూ పావే. అందుకే 25 పైసల బిళ్లను కూడా మా తాత చివరిదాకా చారాన అనే పిలిచాడు. అది 2011 జూన్ 30న చెల్లకుండా పోయింది, కానీ మాట ఇంకా చెల్లుతోంది.

ఇబ్బంది అంతా ఒక్క అణాతోనే. 1/16 అంటే 6.25/100. పూర్ణసంఖ్య రాదు. పాప నాలుగున్నర లాంటిదే.

పాత లెక్కల సారు | మంగళవారం ఉదయం 6:50

భలే పట్టావు నాయనా. 16లో పావు, అర, ముప్పావు అన్నీ శేషం లేకుండా వస్తాయి. పావులో పావు కూడా వస్తుంది. దానికి మనవాళ్లు వీసం అని పేరు పెట్టుకున్నారు. "వీసమెత్తు కూడా లేదు" అంటాం చూడండి, అది పదహారో వంతే. తెలుగులో పాత భిన్నాల గుర్తులు కూడా పావులు, పావులో పావుల లెక్కనే నడిచేవి.

నైట్ డ్యూటీ | ఉదయం 7:05

అవును సారూ, ఆ గుర్తులు 2008లో యూనికోడ్‌లోకి కూడా వచ్చాయి. నా ఫోన్లో మాత్రం డబ్బాలు కనిపిస్తాయి.

హన్మకొండ నాన్న | మంగళవారం రాత్రి 8:48

కొత్త గొడవ. పాపకు లెక్కల్లో 20కి 18, సైన్సులో 25కు 23 వచ్చాయి. "రెండిట్లనూ రెండేసి మార్కులే పోయినయ్, రెండూ సమానం" అంటోంది. మా ఇంటావిడ కూడా ఆమె వైపే. నేను కాదంటున్నా, కానీ ఇద్దరి మీద నా ఒక్కడి మాట నెగ్గడం లేదు.

జమ్మికుంట అక్క | రాత్రి 9:10

ఇది మొన్న 5/6 రాసిన తప్పుకు చెల్లెలే. పోయినవి ఎన్ని అని చూస్తోంది, ఎన్నిటిలో పోయాయని చూడడం లేదు. రెండూ వందలోకి మార్చమనండి. 18/20ని 5తో పైనా కిందా గుణిస్తే 90/100. 23/25ని 4తో గుణిస్తే 92/100. సైన్సే ఎక్కువ.

అది కూడా నమ్మకపోతే చిన్న అంకెలు ఇవ్వండి. 3కు 1 వచ్చినోడూ, 100కు 98 వచ్చినోడూ ఇద్దరూ రెండేసి మార్కులే పోగొట్టుకున్నారు. ఇద్దరికీ ఒకే ప్రైజు ఇద్దామా అని అడగండి. మా క్లాసులో ఈ ప్రశ్నకు పిల్లలు గొల్లుమంటారు.

కాజీపేట పోరడు | రాత్రి 9:30

అక్కా, ఒప్పుకుంటున్నా, ఎందుకు అనేది కూడా పనికొస్తది. కానీ ఒక ట్రిక్కు చూడండి. 16/64లో పైనా కిందా 6 కొట్టేస్తే 1/4. ఆన్సర్ కరెక్టు! 19/95లో 9లు కొట్టేస్తే 1/5. ఇదీ కరెక్టు. 26/65 కూడా, 6లు పోతే 2/5.

జమ్మికుంట అక్క | రాత్రి 9:34

తమ్ముడూ నీకు దండం పెడతా, దీన్ని పిల్లల ముందు మాత్రం అనకు. 13/34లో 3లు కొట్టెయ్యి, 1/4 వస్తుంది. 13ను 4తో గుణిస్తే 52, 34 కాదు. కొట్టివేయడమంటే అంకెను గీకేయడం కాదు, ఒకే సంఖ్యతో పైనా కిందా భాగించడం. 16/64లో 16తో భాగిస్తే 1/4 వచ్చింది. నీ 6లకు దాంతో సంబంధమే లేదు, గుడ్డెద్దు చేలో పడ్డట్టు తగిలింది.

కాజీపేట పోరడు | రాత్రి 9:36

జోక్ చేశా అక్కా 🙏 మా రూంలో ఒకడు సీరియస్‌గా నమ్మాడు కూడా.

పాత లెక్కల సారు | రాత్రి 9:55

కొట్టివేత మాట వచ్చింది కాబట్టి ఒకటి చెప్తాను. పిల్లలు 84/126 చూడగానే భయపడతారు. గ.సా.భా. (రెండింటినీ భాగించే అతిపెద్ద సంఖ్య) ఒక్కసారే కనిపెట్టాలని లేదు. రెండూ సరిసంఖ్యలు, 2తో కొట్టు: 42/63. రెండూ 3తో పోతాయి: 14/21. 7తో కొట్టు: 2/3. ఇక రెండింటికీ 1 తప్ప ఉమ్మడి కారణాంకం లేదు, ఇదే కనిష్ఠ రూపం. మెట్టు మెట్టుగా దిగినా ఒకేసారి 42తో దూకినా చేరేది ఒకే చోటికి. నా సర్వీసులో పిల్లలు ఎక్కువ మార్కులు పోగొట్టుకున్నది దూకబోయి. దిగినవాళ్లు తక్కువ పోగొట్టుకున్నారు.

ఒకటే షరతు: భాగించేటప్పుడు పైనొక అంకె, కిందొక అంకె పెట్టకూడదు. పైన 2తో, కింద 3తో కొట్టేవాళ్లని చూశాను. అడిగితే, "పైన 2తో పోయింది, కింద 3తో పోయింది సార్" అంటారు.

టేకు చెక్క | బుధవారం ఉదయం 6:15

సారూ, మా బావమరిది లారీల మెకానిక్. ఇంచుల స్పానర్లు వరసగా పెట్టమంటే కొత్త పిల్లగాడు తికమకపడ్డాడట. 3/8, 7/16, 1/2, 9/16, 5/8. పైకి చూస్తే ఏది పెద్దదో తెలియదు. బావమరిది అన్నీ పదహార్లలో చెప్పాడు: 6, 7, 8, 9, 10. వాడు వెంటనే వరస పెట్టేశాడు.

హన్మకొండ నాన్న | బుధవారం రాత్రి 9:20

స్పానర్ల వరస పాపకు చెప్పా, చాలా నచ్చింది. మార్కుల గొడవ కూడా తీరింది, ఇంటావిడ మాత్రం ఇంకా పూర్తిగా ఒప్పుకోలేదు.

ఇవాళ్టి ప్రశ్న: "0/3, 0/7 సమానమా?" సమానమే అన్నా. "ముక్కలు వేరు కదా, మూడో వంతు పెద్దది, ఏడో వంతు చిన్నది" అంటోంది.

జమ్మికుంట అక్క | రాత్రి 9:31

ముక్క ఎంత పెద్దదైనా, పాప ప్లేటులో ఒక్కటీ పడలేదు కదా. మూడు ముక్కలు చేసిన సర్వపిండిలో ఏమీ తినకపోయినా, ఏడు ముక్కలు చేసిన దాంట్లో ఏమీ తినకపోయినా ఆకలి ఒక్కటే.

టేకు చెక్క | రాత్రి 9:40

టేపు చివర కొక్కెం చూపించండి. పావులు లెక్కపెట్టినా, సూతులు లెక్కపెట్టినా మొదలయ్యేది అక్కడి నుంచే.

హన్మకొండ నాన్న | రాత్రి 9:58

కొక్కెం చూపించా, ఒప్పుకుంది. వెంటనే "మరి 3/0 టేపు మీద యాడుంటది?" అంది. సారూ, ఇది మీ వంతు. నేను పడుకుంటున్నా.

పాత లెక్కల సారు | రాత్రి 10:04

సర్వపిండిని సున్నా ముక్కలు చేసి, అందులోంచి మూడు తెమ్మనండి. తెస్తే నాకూ ఒకటి దాచండి.